అన్న బొమ్మ లేని ఫ్లెక్స్

అన్న బొమ్మ లేకుండ మా షాప్ల నుంచి ఒక్క ఫ్లెక్స్ బయటికి పోదు. గీ రూలు పెట్టింది నేనే. పెండ్లి గానియ్, ఓణీల ఫంక్షన్ గానియ్, టిఫిన్ సెంటర్ ఓపెనింగ్ గానియ్, సావు గానియ్, గుండ్రటి చక్రంల అన్న చేతులు జోడిచ్చి నవ్వాల్సిందే. అన్నంటే ఏ అన్న అని అడగకుండ్రి. అమీర్‌పేటల అడుగడుగుకు అన్నలే ఉంటరు. చాయ్ పోసేటోడు అన్న, ఆటో నడిపేటోడు అన్న. కని ముందట పేరు లేకుండ ఉత్త ‘అన్న’ అంటే మా దిక్కు ఒక్కడే. ఆయన లీడరు. ఆయనకంటె పెద్ద లీడర్లు ఉన్నరు, కని వాళ్లు టీవీల ఉంటరు. అన్న మా నెత్తి మీదనే ఉంటడు.

ఎందుకు పెడతవు సురేందరూ అంటే, భయం. చెప్పనీకి నాకేం సిగ్గు లేదు. అన్న బొమ్మ ఉన్న ఫ్లెక్స్‌ను ఎవ్వడు ముట్టడు. బొమ్మ లేనిది తెల్లారేసరికి మాయమైతది. ఎవడు చింపిండో తెల్వదు, తెలిసినా అడిగేటోడు లేడు. అందుకే మా కంప్యూటర్ల కొత్త ఫైల్ తెరుస్తెనే అన్న బొమ్మ ముందే ఉంటది, కింద మూలకు మా షాపు పేరు, ఫోన్ నంబర్ ఉంటయ్. నడుమ ఏమన్న రాసుకో. పోయినేడు బేగంపేట మేడం ఒకామె కుక్క తప్పిపోయిందని ఫ్లెక్స్ ఏపిచ్చుకున్నది. కుక్క నెత్తి మీద అన్న నవ్వుకుంట ఉన్నడు. కుక్క దొరకలే గని, ఆ ఫ్లెక్స్‌ను మాత్రం ఎండాకాలం పోయి వానలు పడ్డా ఎవ్వడు కదపలే.

ఆ ఫైల్ మీద కూసుని పని చేసేది రవళి. భీమవరం దిక్కు పిల్ల. గ్రూప్స్ కోచింగ్ అని అమీర్‌పేటకు వచ్చింది, ఇంటి నుంచి పైసలు రావుడు బంద్ అయినంక డిజైనింగ్ నేర్చుకుని మా షాప్ల చేరింది. యూసుఫ్‌గూడల ఇంకో ఇద్దరు పిల్లలతోని రూం. పని మంచిగ చేస్తది, కని నోరు ఊకోదు. ప్రింటర్ నడుస్తున్నంతసేపు పుస్తకం ముందట పెట్టుకుని బిట్లు చదువుతది. పందొమ్మిదో అధికరణం, ఆరు స్వేచ్ఛలు, అవేవనగా... గిట్ల.

ఒకసారి నేనే అడిగిన, “స్వేచ్ఛ సుత ఆరు రకాలు ఉంటదా రవళీ?”

“మొదట్లో ఏడుండేవి సురేందరన్నా. ఒకటి తీసేశారు.”

“ఒకటే తీసిండ్రా? మస్తు మంచోళ్లు.”

“మీకన్నీ వెటకారమే!” అని మూతి తిప్పుకున్నది.

కని ఆ పిల్ల మొండిది. అట్ల చదివి చదివి కొట్టింది. మాసబ్ ట్యాంక్ దిక్కు సర్కారు ఆఫీసుల జూనియర్ అసిస్టెంట్ పోస్టుకు లిస్టుల పేరు వచ్చింది. పోలీస్ వెరిఫికేషన్ ఒక్కటే బాకీ. ఏ స్టేషన్ల కేసు లేదని కాయితం పోతే చాలు, ఆర్డర్ చేతికి వస్తది. ఆ దినం గల్లీ మొత్తానికి స్వీట్లు పంచింది. మా నాయనకు ఫోన్ చేసి ఏడ్చిన సురేందరన్నా అని నా ముందట మళ్ల ఏడ్చింది. నాకు సుత కండ్లల్ల నీళ్లొచ్చినయ్, ఇంక్ వాసన పడలేదని చెప్పిన.

గా టైంల వచ్చింది పోచమ్మ.

పోచమ్మ మా ఎనక గల్లీల ఆడపిల్లల హాస్టల్ల రొట్టెలు చేస్తది. ఆమె మొగడు రాజనర్సయ్య పంజాగుట్టల ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. పండరి దేవుని భక్తుడు, మాల ఏస్కున్న మనిషి. మెడల తులసి పూసలు, నొసటికి గంధం. నీసు ముట్టడు, మందు ముట్టడు, గుడుంబ తాగి వచ్చినోని పక్కకు సుత కూసోడు. వానలల్ల ఒక పొద్దుగాల పాల ప్యాకెట్లు తేనీకి పోయిండు. గల్లీ మలుపు కాడ మోకాల్ల మట్టం నీళ్లు. నీళ్ల కింద నాలా మీది మూత లేదు. పని నడుస్తుందని కాంట్రాక్టర్ తీసి పక్కకు పెట్టిండు, మళ్ల పెట్టలే. రాజనర్సయ్య అడుగు ఏసిండు, పోయిండు. వాన ఎలిసినంక ఎక్కడనో కింద దొరికిండు.

ఆ కాంట్రాక్టర్ ఎవరో కాదు, అన్న బామ్మర్ది. అందరికి తెలుసు. అందుకే మర్నాడు పేపర్ల ‘మద్యం మత్తులో నాలాలో పడి వాచ్‌మన్ మృతి’ అని వచ్చింది.

పోచమ్మకు చదువు రాదు. హాస్టల్ పిల్ల ఒకతి చదివి చెప్పిందట. ఏడ్సుడు పక్కకు పోయి కోపం వచ్చింది ఆమెకు. పిండి చేతులతోనే మా షాపుకు వచ్చి నిలవడ్డది.

“కొడుకా, దినాలకు బొమ్మ ఎయ్యాలె మీ నర్సయ్యది. గా మలుపు కాడనే కట్టాలె.”

“ఏస్త తీయ్ పెద్దమ్మా. శ్రద్ధాంజలి అని రాసి...”

“అది కాదు. ‘నా మొగడు తాగలే’ అని రాయాలె. పెద్దగ. దాని కింద ‘మూత తీసినోడు ఎవడు’ అని రాయాలె. అంతే. ఇంకేం వద్దు నాకు. నష్టపరిహారం వద్దు, ఏం వద్దు. మాల ఏస్కున్న మనిషిని తాగుబోతు చేసి పంపుతరా? ఆయన పైకి పోయి ఏం మొకం చూపియ్యాలె?”

నా పై పానం పైన్నే పోయింది. ‘వద్దు పెద్దమ్మా’ అనాలె నేను. అననీకే నోరు తెరిచిన. కని ఆమె ఎన్నిసార్లు చెయ్యి కాలుతున్నా వేడి రొట్టె పేపర్ల చుట్టి తెచ్చి ఇచ్చి పోయిందో నాకు యాదికి వచ్చింది. అదీగాక ‘తాగలే’ అంటే తప్పేముంది, ‘ఎవడు’ అంటే పేరేం లేదు కదా అనుకున్న. బేగంపేటకు ఇంక్ తేనీకి పోవాలె, బండి తీసిన. రవళి ఎనక నుంచి అడిగింది.

“సురేందరన్నా, ఇందులో అన్న బొమ్మ పెట్టాలా? బాగోదేమో.”

“నీకెన్నిసార్లు చెప్పాలె? బొమ్మ లేకపోతె గంటసేపు ఉంటదా అది? పెట్టు!”

గిదీ నా తెలివి. ఆమె ఫ్లెక్స్‌ను ఎవడు చింపకుండ కాపాడుదామనుకున్న. రవళి నేను చెప్పినట్టే చేసింది. పెద్దగ రాజనర్సయ్య బొమ్మ, మెడల తులసిమాల పూస పూస కనవడుతుంది. దాని కింద ‘నా భర్త తాగలేదు’. దాని కింద ఎర్రటి అక్షరాలతోని ‘మూత తీసినోడు ఎవడు?’. సావు ఫ్లెక్సులల్ల అన్న బొమ్మ పైన పెట్టరు, సచ్చినోని నెత్తి మీద నవ్వుడు బాగుండదని కింద పెడతరు. కింద పెట్టింది. ఎర్ర అక్షరాల కింద అన్న, చేతులు జోడిచ్చి, పండ్లన్ని కనవడేటట్టు నవ్వుకుంట.

పొద్దుగాల మలుపు కాడ కట్టిండ్రు. పగటీలి అన్నం తినే యాళ్లకు అది హైదరాబాద్ మొత్తం తిరిగింది.

నాకు ఫోన్ మీద ఫోన్. కింద మూలకు నా నంబరే కదా ఉన్నది. ఒకడు శభాష్ భాయ్ అంటడు, ఒకడు గుండె ఉన్న మొగోడివి అంటడు. ఒకాయన పెద్ద మనిషి, “ఇన్నాళ్లకు ఒక్కడు అడిగాడండీ, దండం పెట్టాలి మీకు” అన్నడు. నీ పేరేంది సార్ అని అడిగిన. “నా పేరెందుకులెండి” అని పెట్టేసిండు. అందరు గట్లనే. గంటసేపట్ల మస్తుమంది మెచ్చుకున్నరు, ఒక్కడు పేరు చెప్పలే. ఎదురు పార్టోళ్లు ఆ ఫోటో పెట్టి ‘బొమ్మ చూపించి మరీ నిలదీసిన పేదరాలు’ అని రాసిండ్రు. ఓరి నాయనో! నిలదీసుడు ఏంది, నేను కాపాడనీకి పెట్టిన బొమ్మ అది!

చేతుల పని ఆడనే ఇడిసి మలుపు కాడికి ఉరికిన, నా చేతులతోని నేనే చింపేద్దామని. నేను పోయేసరికి కట్టెలు తప్ప ఏం లేవు. ఫ్లెక్స్ స్టేషన్‌కు పోయింది. నేను షాపుకు తిరిగి వచ్చేసరికి రవళి కుర్చీ ఖాళీగ ఉన్నది. టేబుల్ మీద వైర్లు వేలాడుతున్నయ్, కంప్యూటర్ లేదు. పక్కన చాయ్ అమ్మే ఆయన నా దిక్కు చూడకుండనే చెప్పిండు.

“డిజైన్ ఎవరు చేసిండ్రు అని అడిగిండ్రు. నేనే చేసిన్నని చెప్పింది పిచ్చిది. జీప్ల ఎక్కిచ్చుకుని పోయిండ్రు.”

స్టేషన్ల రవళి గోడకున్న బెంచీ మీద కూసున్నది. చున్నీ మెడ చుట్టు రెండు చుట్లు చుట్టుకుని, చేతులు ఒళ్లె పెట్టుకుని, బడిల గోడకుర్చీ ఏసి ఇడిసిన పిల్ల తీర్గ ఉన్నది. ఎవ్వడు కొట్టలే, తిట్టలే. ఎస్సై మర్యాదగనే మాట్లాడిండు. అదే నాకు ఎక్కువ భయమైంది.

“ఏం చదివినవమ్మా?”

“గ్రూప్స్‌కి ప్రిపేరయ్యాను సార్. జాబ్ వచ్చింది. వెరిఫికేషన్ ఉంది సార్.”

“ఓహో. ప్రాథమిక హక్కులు ఎన్ని?”

రవళి బెంచీ మీద నుంచి లేచి నిలవడ్డది. “ఆరు సార్.”

“మంచిగ చెప్పినవ్. కూసో.”

అక్కడున్న కానిస్టేబుళ్లు నవ్విండ్రు. రవళి సుత నవ్వింది.  ఎందుకు నవ్వినవే పిల్లా అని అడగాలనిపిచ్చింది. కని నేను సుత నవ్విన. మా ఇద్దరికి ఇంకేం చేయాలెనో తెల్వలే.

అప్పుడొచ్చిండు హనుమాండ్లు. అన్న ఎంబడి తిరిగే మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల అంగి. మా బస్తీవోడే. వాని పుట్టిన్రోజు ఫ్లెక్స్ ఏటేటా నేనే ఏస్త. నా భుజం మీద చెయ్యేసి బయటికి తోలుకపోయిండు.

“సురేందర్ భాయ్, పాగల్ అయినవా? ఎవడు చెప్పిండు చేయమని? ఎదురు పార్టోళ్లు చెప్పిండ్రా?”

“ఎవ్వరు చెప్పలే భాయ్. ఎప్పటి లెక్కనే బొమ్మ పెట్టినం. నీ తోడు.”

“నాకెర్కే. నిన్ను చిన్నప్పటి నుంచి చూస్తున్న, నీకంత దమ్ము లేదు. కని అన్న నమ్మడు. అన్నకు సుత పైనుంచి ఫోన్ వచ్చింది. ఆయన మొకం చూడలేకపోయిన పొద్దుగాల.” వాడు చుట్టుపక్కల చూసి గొంతు తగ్గిచ్చిండు. “జర విను. ఆ పిల్ల మీద కేసు రాస్తే ఆమె నౌకరి ఖతం. నీ మీద రాస్తే నీ షాపు ఖతం. గివేం వద్దు. ఆ ముసలామెతోని ఒక్క వీడియో ఇప్పియ్. ‘నా మొగనికి తాగుడు అలవాటుండె, తాగి పడ్డడు, ఎవరో చెప్తే అట్ల రాపిచ్చిన, అన్నకు చేతులెత్తి దండం పెడుతున్న’. అంతే. పొద్దుమూకే లోపల అయిపోవాలె. ఫికర్ జెయ్యకు, ఆ పిల్లను ఇంటికాడ నేనే దింపుత.”

“అట్ల చెప్పదు భాయ్ ఆమె. ఆయన మాల ఏస్కున్నోడు.”

“సచ్చిపోయిండు కదా భాయ్. సచ్చినోనికి ఏమైతది? బతికున్న పిల్లను చూడు.”

వాని మాట ఇని నాకు మస్తు కోపమొచ్చింది. చెంప మీద ఒక్కటి పీకాలనిపిచ్చింది. పీకలే. బండి తీసిన, హాస్టల్ దిక్కు పోయిన.

పోచమ్మ రొట్టె పీట ముందట కూసుని ఉన్నది. అప్పటికే ఆమెకు సగం తెలిసింది, హాస్టల్ పిల్లలు ఫోన్ల చూపిచ్చిండ్రట. “బొమ్మ తీసేసిండ్రటనే?” అని అడిగింది. నేను నిలవడ్డ చోటనే అంతా చెప్పిన. దాచిపెట్టలే. వీడియోల ఏం చెప్పాలెనో సుత చెప్పిన. ఆమె చేతుల పిండి ముద్ద ఒత్తుకుంట ఉన్నది, ఒత్తుకుంటనే ఉన్నది. నువ్వు చెప్పకు పెద్దమ్మా అని నేను అనలే. చెప్పు అని సుత అనలే. 

“ఆ పిల్లకు ఏమైతది?” అని అడిగింది.

“కేసైతది. వచ్చిన నౌకరి పోతది.”

“వాళ్ల నాయనకు ఎర్కేనా?”

“ఇంకా లేదు.”

“నేను చెప్తే ఇడుస్తరా?”

“ఇడుస్త అన్నడు.”

పోచమ్మ పిండి ముద్ద పీట మీద పెట్టి చేతులు కడుక్కున్నది. కొంగు సవరిచ్చుకుని నా బండి ఎనక కూసున్నది. పంజాగుట్ట చౌరస్తా సిగ్నల్ కాడ ఆగినప్పుడు ఎనక నుంచి మెల్లగ అన్నది, “ఆయనకు నేను చెప్పుకుంట తీయ్ కొడుకా. ఇంటడు. కోపానికి వస్తడు గని ఇంటడు.” నేను ఎనకకు తిరగలే. సిగ్నల్ పడ్డా బండి కదపలేకపోయిన, ఎనకున్న బస్సోడు హారన్ కొట్టి కొట్టి తిట్టిండు.

స్టేషన్ ఎనక వేపచెట్టు కింద వీడియో తీసిండ్రు. హనుమాండ్లు ఫోన్ పట్టుకున్నడు, ఏం చెప్పాలెనో ముందే నేర్పిండు. పోచమ్మ సదివినట్టు మొదలుపెట్టింది. “నా పేరు పోచమ్మ. నా మొగడు రాజనర్సయ్య. ఆయనకు... ఆయన తాగలే...”

“కట్ కట్. పెద్దమ్మా, తాగిండు అనాలె. తాగలే కాదు.”

“నోట్లె అట్లనే వస్తుంది బిడ్డా. అలవాటైంది.”

మళ్ల తీసిండ్రు. మళ్ల ‘తాగలే’ అనే వచ్చింది. కావాలని అన్లేదు ఆమె, పాపం, చెంపలేసుకున్నది. అవతల కిటికిల నుంచి రవళి చూస్తుంది. ఆఖరికి కండ్లు మూసుకుని అన్నది. “తాగిండు. నా మొగడు తాగిండు. తాగి పడ్డడు.” అడగకున్నా అంతటితోని ఆగక, “దినాం తాగేటోడు” అని సుత అన్నది. అంటుంటే ఆమె చెయ్యి కొంగుల ఉన్న ముడిని గట్టిగ పట్టుకుని ఉన్నది. అందుల ఏమున్నదో నాకు అప్పుడు తెల్వదు.

హనుమాండ్లు ఫోన్ జేబుల పెట్టుకున్నడు. మాట తప్పలే, రవళిని యూసుఫ్‌గూడల రూం కాడ దింపి వచ్చిండు. కేసు రాయలే. అందరం బతికి బట్టకట్టినం.

అయిపోయిందనుకున్న. మర్నాడు మళ్ల వచ్చిండు, కంప్యూటర్ పట్టుకుని.

“భాయ్, వీడియో కింద అందరు ఒక్కటే రాస్తున్నరు. మెడల తులసిమాల ఉన్నోడు తాగుడేంది అంటున్నరు. గా ఫ్లెక్స్ ఫోటో చూసి. ఇంకో ఫ్లెక్స్ ఏద్దాం. ‘మా కుటుంబానికి అండగా నిలిచిన అన్నకు కృతజ్ఞతలు’. అదే ఫోటో పెట్టు. కని మాల తీసెయ్.”

“తీసేసుడేంది భాయ్?”

“పెండ్లి ఫోటోలల్ల మొటిమలు తీస్తరు కదా, గట్లనే.”

రవళికి ఆ దినం పనికి రావద్దని చెప్పిన. అయినా వచ్చింది. రూంల ఒక్కదాన్ని కూసుంటే భయమైతుంది సురేందరన్నా అన్నది. మౌస్ పట్టుకుని ముందటికి వంగింది. రాజనర్సయ్య మెడ కాడ బొమ్మను పెద్దగ చేసింది. ఒక్కొక్క పూస మీద మౌస్ పెడుతుంది, పక్కన చర్మం రంగు తెచ్చి కప్పుతుంది. పూస పోతది, ఇంకో పూస కాడికి పోతది. హనుమాండ్లు కుర్చీ ఎనక నిలవడి “మంచిగ చేస్తుంది పిల్ల” అంటుండు. ఆ పిల్ల కండ్లల్ల నుంచి నీళ్లు కీబోర్డు మీద పడుతున్నయ్, తుడుచుకోలే, చెయ్యి ఆపలే. అయిపోయినంక చూస్తే ఎన్నడు మాల ఏస్కోని మనిషి లెక్కనే ఉన్నడు రాజనర్సయ్య. గుర్తుపట్టలేకపోయిన.

పోయేటప్పుడు హనుమాండ్లు పాత ఫోటో కంప్యూటర్ల లేకుండ తీపిచ్చిండు. పోచమ్మ ఫోన్ల ఉన్నది సుత ముందే తీసేపిచ్చిండట. “మళ్ల ఎవడన్న తవ్వుతడు భాయ్, మీ మంచికే” అన్నడు. కొత్త ఫ్లెక్స్ గా మలుపు కాడనే కట్టిండ్రు. మూత సుత పెట్టిండ్రు నాలా మీద, కొత్తది. దాని మీద నిలవడి అన్న ఫోటో దిగిండు.

తర్వాత రవళికి ఆర్డర్ వచ్చింది. స్వీట్లు పంచలే ఈసారి. ఆఖరి దినం షాపుకు వచ్చి తన సామాను తీసుకుంటుంది. బిట్ల పుస్తకం టేబుల్ కింద ఉన్నది, కాలుతోని పక్కకు జరిపింది. తీస్కపోవా అని అడిగిన. “ఎందుకన్నా, పరీక్ష అయిపోయిందిగా” అన్నది. మాట్లాడుడు మస్తు తగ్గిచ్చింది పిల్ల. ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది. ఏమన్న అడిగితే ముందుగాల తలుపు దిక్కు చూసి అప్పుడు జవాబు చెప్తుంది. నేను సుత గంతే, ఎందుకు దాచిపెట్టాలె.

బయట ముసురు పట్టింది. తలుపు తీసుకుని పోచమ్మ లోపటికి వచ్చింది. సగమైంది మనిషి. మేమిద్దరం లేచి నిలవడ్డం.

“కొడుకా, ఇంట్ల గోడకు పెట్టుకుంట, ఆయనది చిన్న ఫోటో తీసియ్. నా ఫోన్ల ఒక్కటి లేదు.”

మా దగ్గర ఉన్నది ఆ మాల లేని ఫోటోనే. రవళి గబగబ కుర్చీల కూసుని, “ఉండండమ్మా, నేను మళ్ళీ పెడతాను. నాకు గుర్తుంది, ఎలా ఉండేదో నాకు బాగా గుర్తుంది” అనుకుంట మౌస్ పట్టుకున్నది. ఒక్కొక్క పూస గీసుకుంట వస్తుంది. సొంత నాయన మెడల ఏస్తున్నట్టు చేస్తుంది. పోచమ్మ ఎనక నిలవడి చూసింది. పూసలు సగం అయినంక రవళి చెయ్యి పట్టుకుని ఆపింది.

“వద్దు బిడ్డా. మాల పెట్టకు.”

“ఇది మీ ఇంట్లోకే కదమ్మా! ఎవరు చూస్తారు?”

“ఎవరన్న వస్తరు బిడ్డా. తాగుబోతన్నవ్ కదనే, మెడల మాలేంది అని అడుగుతరు. నేనేం చెప్పాలె? ఉన్నది ఉన్నట్టు ఇయ్యి.”

ఆమె ఇల్లు ఒక్క అర్ర. అందుల ఉండేది ఆమె ఒక్కతే. ఆ అర్ర లోపటి గోడకు సుత ఆమె భయపడుతుంది. నాకు దుఃఖం ఆగలే. ప్రింటర్ దిక్కు తిరిగి మొకం తుడుచుకున్న. మాల లేని ఫోటోనే తీసి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి చేతికిచ్చిన. ఆమె దాన్ని చూసుకున్నది, చంకల పెట్టుకున్నది. పోతదనుకున్న. పోలే. కొంగు ముడి ఇప్పింది.

లోపట తులసిమాల ఉన్నది. దవాఖానల ఆయన బట్టలతోని మూట కట్టి ఇచ్చినప్పుడు తెగి ఉండెనట, మళ్ల గుచ్చుకున్నది. నల్లగైన పూసలు, రాజనర్సయ్య మెడల ఏండ్లు ఏండ్లు ఉండి నున్నగైనయ్. అరచేతుల పెట్టుకుని, గొంతు తగ్గిచ్చి అడిగింది.

“కొడుకా, దీన్ని నేను ఇంట్ల పెట్టుకోవచ్చా? బయటికి కనవడనియ్యను. బియ్యం డబ్బల అడుగున పెట్టుకుంట. ఏమన్న అంటరా?”

ఎవరంటరు పెద్దమ్మా, నీ మొగని మాల, నీ ఇల్లు, నెత్తి మీద పెట్టుకో, గోడకు తగిలెయ్, ఎవడస్తడో నేను చూస్త! గీ మాటలన్ని నా నాలుక మీదికి వచ్చినయ్. నోరు తెరిచిన.

తలుపు ముందట బండి వచ్చి ఆగింది.

ముగ్గురం ఒక్కసారే తలుపు దిక్కు తిరిగినం. హెల్మెట్ పెట్టుకున్నోడు ఒకడు అద్దంల నుంచి లోపటికి చూసి, తలుపు సగం తెరిచి తల పెట్టిండు.

“అన్నా, కోచింగ్ సెంటర్ ఏ ఫ్లోర్? పార్సిల్ ఉన్నది.”

“రెండో ఫ్లోర్” అన్నది రవళి. వాడు మెట్లెక్కి పోయిండు.

మళ్ల పోచమ్మ దిక్కు తిరిగితే ఆమె చేతులు రెండు ఖాళీగ ఉన్నయ్. ఆమె కాళ్ల కాడ మా చెత్తడబ్బా ఉంటది, కత్తిరిచ్చిన ఫ్లెక్స్ ముక్కలు ఏసేది. ఆ ముక్కల నడుమ పూసలు కనవడుతున్నయ్. ఆమె దాని దిక్కు చూడలే. ఫోటో చంకల సరిగ్గ పెట్టుకున్నది, కొంగు నెత్తి మీదికి తెచ్చుకున్నది.

“పోయొస్త కొడుకా. నౌకరి మంచిగ చేసుకో బిడ్డా” అని వానల్నే వెళ్లిపోయింది.

మాల తీసి ఉరికి ఆమె చేతుల పెట్టాలె. గల్లీ చివరికి సుత పోలేదింక ఆమె. నేను కదలలే. రవళి లేవలే. ఇద్దరం అట్లనే తలుపు దిక్కు చూసుకుంట ఉండిపోయినం.